చెవిటి ఒంట్లో శంఖం

మా ఆయన పినాకపాణి పుట్టి బుద్ధెరిగాక ఏ పరీక్షా తప్పలేదు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు ఈ మాట చెబితే మురిసిపోయాను. ఇప్పుడెవరైనా అంటే ఒళ్లు మండుతుంది.

ఆయన చదివే తీరు వేరు. ఏడాదంతా పుస్తకం ముట్టేవారు కాదట. పరీక్ష వారం ఉందనగా గది తలుపు వేసుకునేవారు. వారం తర్వాత బయటికొచ్చి ఫస్టు క్లాసు తెచ్చుకునేవారు. ఆ విద్యే ఇవాళ మాకు అన్నం పెడుతోంది. రాజమహేంద్రవరంలో ఒక ఇంటర్ కోచింగ్ కాలేజీలో ఆయన ఫిజిక్స్ చెబుతారు. ఏడాది పొడుగునా నిద్రపోయిన పిల్లల్ని చివరి వారంలో గట్టెక్కించడంలో ఆయన్ని మించినవాళ్లు ఊళ్లో లేరు. పిల్లలు ఆయనకు 'చివరి వారం సారు' అని పేరు పెట్టుకున్నారు. ఆయనకు ఆ పేరంటే లోలోపల గర్వం.

నేను అదే ఊళ్లో ఒక వైద్య పరిశోధనశాలలో పనిచేస్తాను. నాకు వైద్యం రాదు, వైద్యులకు కావలసిన పరికరాలు తయారుచేయడం వచ్చు. మా పెద్ద డాక్టర్ జుబేదాగారు. ఆవిడకు ఒకటే పట్టుదల. షుగరు వచ్చాక కనిపెట్టడం కాదు, రావడానికి పదేళ్ల ముందు కనిపెట్టాలి. మామూలు రక్తపరీక్ష ఒంట్లో చక్కెర ఎంతుందో చెబుతుంది కానీ, దాన్ని అంతలోనే ఉంచడానికి లోపల క్లోమం ఎంత చాకిరీ చేస్తోందో చెప్పదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఇల్లు అద్దంలా ఉందని మెచ్చుకుంటారు తప్ప ఇల్లాలి నడుం నొప్పి సంగతి అడగరు కదా, అలాగే ఇదీ. ఆ చాకిరీని వినిపించే నడికట్టు ఒకటి నేను తయారుచేశాను. క్లోమం ఇన్సులిన్‌ను ధారగా వదలదు. కొన్ని నిమిషాలకోసారి దెబ్బ కొట్టినట్టు వదులుతుంది. మా నడికట్టు ఆ దెబ్బల్ని చర్మం పైనుంచే పట్టుకుని, రెండు గంటల పనిని అర నిమిషానికి కుదించి, స్పీకర్లో వినిపిస్తుంది.

ఆయన్ని అక్కడికి తీసుకెళ్లింది రోగిగా కాదు. ఏ రోగమూ లేనివాళ్ల చప్పుడు ఎలా ఉంటుందో రికార్డు చేసుకోవాలని మా ఇళ్లల్లోవాళ్లను రమ్మన్నాం. మా ఆయన జేబులో రిపోర్టు పెట్టుకుని మరీ వచ్చారు.

"ఇదిగోండి డాక్టరుగారూ, పరగడుపున తొంభై రెండు. మూడు నెలల సరాసరి కూడా నిఖార్సుగా ఉంది. మీకు నమూనా కావాలంటే నాకంటే మంచిది దొరకదు," అంటూ మంచం మీద పడుకున్నారు.

అంతకు ముందు వచ్చినవాళ్ల క్లోమాలు పక్క గదిలోని గోడ గడియారమంత మెత్తగా కొట్టుకున్నాయి. రెండు గంటల తర్వాత ఆయనది పెట్టగానే స్పీకరు అదిరింది. ధన్, ధన్, ధన్. బల్ల మీద గ్లాసు కదిలింది. జుబేదాగారు చటుక్కున సౌండు తగ్గించి నావైపు చూశారు. నేను యంత్రం పాడైందేమోనని తీగలన్నీ మళ్లీ పెట్టాను. మళ్లీ అదే.

"పాణిగారూ, మీ చక్కెర బాగానే ఉందండీ. కానీ దాన్ని బాగుంచడానికి మీ క్లోమం నాలుగింతలు కష్టపడుతోంది," అన్నారావిడ. "ఇన్సులిన్ చెప్పిన మాట మీ కండరాలు, కాలేయం వినడం మానేశాయి. వినట్లేదని అది ఇంకా గట్టిగా చెబుతోంది."

"చెవిటివాడి ముందు శంఖం ఊదుతోందన్నమాట," అని మా ఆయన నవ్వారు.

అందరం నవ్వాం. ఆ రోజు నుంచి మా నడికట్టుకు శంఖం అనే పేరు స్థిరపడింది. ఆయన చొక్కా వేసుకోవడానికి పక్క గదిలోకి వెళ్లినప్పుడు జుబేదాగారు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించారు.

"ఎన్నాళ్లు ఊదుతుంది వకుళా? ఎప్పుడో ఒకప్పుడు అలిసిపోతుంది. వీళ్ల నాన్నగారికి ఉండేదన్నావు కదూ?"

ఉండేది. మా మామగారిని నేను ఫోటోలోనే చూశాను. ఆయనకు షుగరని తెలిసేసరికే కాలి వేళ్లు నల్లబడ్డాయి. ముందు రెండు వేళ్లు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి వరకూ. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా ఆయన రోజూ తండ్రిని ఎత్తుకుని స్నానానికి తీసుకెళ్లేవారు. ఇప్పటికీ ఆసుపత్రి వరండాలో చంకకర్ర కనిపిస్తే ముఖం తిప్పుకుంటారు. తనకూ ఆ గతి పడుతుందేమోనని ఆయనకు భయం. నాకూ అదే భయం. ఆయన కాళ్లు ఆయనకు ఉండాలి. నేను కోరుకున్నది అంతే, అంతకు మించి ఏమీ కోరలేదు.

అందుకే ఆ రోజు నేను బాధపడలేదు, సంతోషించాను. మామగారికి చివర్లో తెలిసింది మాకు మొదట్లోనే తెలిసింది కదా అనుకున్నాను.

"ఇప్పుడైతే వెనక్కి తిప్పొచ్చు," అని జుబేదాగారు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పారు. "మందులేం అక్కర్లేదు. రాత్రిపూట అన్నం తగ్గించండి. రోజూ చెమట పట్టేలా నడవండి. నిద్ర చెడగొట్టుకోకండి. మూడు నెలలకోసారి రండి, విందాం."

"అంతేనా! దానికేం భాగ్యం," అన్నారు ఆయన.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా అత్తగారికి అర్థం కాలేదు. ఆవిణ్ణి నేను తప్పుపట్టను. చక్కెర జబ్బు ఎలా ఉంటుందో మా అందరికంటే ఆవిడకే బాగా తెలుసు.

"ఒక్క మాట చెప్పమ్మా. పాణికి చక్కెరుందా, లేదా?"

"లేదత్తయ్యా. కానీ..."

"లేదన్నాక మళ్లీ కానీ ఏంటే? పొద్దున్నే ఆరింటికెళ్లినవాడు ఇప్పుడొచ్చేడు. ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో. లేని జబ్బుకి కడుపు మాడ్చుకోమంటావా?" అంటూ ఆవిడ ఇంకో గరిటెడు అన్నం వడ్డించి, పప్పు మీద నెయ్యి వేసింది. ఆయన నావైపు ఒకసారి, పళ్లెం వైపు ఒకసారి చూసి, కలుపుకున్నారు.

మా వీధి చివర డాక్టరుగారిని అడిగితే ఆయనా అదే అన్నారు. తొంభై రెండు ఉన్నవాడికి వైద్యం చేస్తే తన దగ్గరికి రోగులు రావడం మానేస్తారని నవ్వారు. పరీక్ష ఖర్చు ఇస్తారేమోనని బీమా కంపెనీవాళ్లకు మా చప్పుడు రికార్డు పంపితే, ఇదేదో పాట అనుకుని తిప్పి పంపారు. లోకంలో అంకెకున్న విలువ చప్పుడుకు లేదు.

మూడు నెలలయ్యాక మళ్లీ ప్రయోగశాలకు వెళ్లాం. శంఖం పెట్టాం. చప్పుడు సగానికి తగ్గింది! దెబ్బలు మెత్తబడ్డాయి, తాళం కుదురుకుంది. జుబేదాగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఆ తర్వాత మూడు నెలలకూ బాగుంది, ఆ తర్వాతా బాగుంది. ఆవిడ విదేశీ పత్రికకు వ్యాసం రాశారు. ఊదడం మొదలెట్టిన శంఖాన్ని మందు లేకుండా నెమ్మదింపజేయవచ్చని అందులో నిరూపించారు. అందులో మొదటి ఉదాహరణ మా ఆయనే. పేరు వేయలేదు కానీ ఆయన ఆ వ్యాసం స్టాఫు రూములో అందరికీ చూపించుకున్నారు.

ఇంట్లో ఆయన తినే తిండి తక్కువే. అందుకే నాకు అనుమానం రాలేదు. కాలేజీలో ఏం తింటున్నారో నాకెలా తెలుస్తుంది? ర్యాంకు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు మిఠాయి పెట్టెలు తెచ్చేవారు. సాయంత్రం స్టడీ అవర్ ముందు పొట్లాల్లో బజ్జీలు వచ్చేవి. ఎవరి పుట్టినరోజు వచ్చినా కేకు. ఇక నడకంటే, క్లాసులో బోర్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచేదే ఆయన నడక.

అది బయటపడింది ఒక ఆదివారం మధ్యాహ్నం. తేలికపాటి కొత్త నడికట్టు తయారుచేసి, సరిచూద్దామని ఇంటికి తెచ్చాను. ఆయన భోంచేసి నడుం వాల్చారు. ఎదురుగా ఉన్న మనిషే కదా అని చుట్టేశాను. ఆయన నిద్రలేచేసరికి నేను స్పీకరు ముందు కూర్చుని ఉన్నాను. గదంతా ధన్ ధన్ అని మోగుతోంది. మొదటి రోజుకంటే పెద్దగా మోగింది. పైగా దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమంగా లేదు. ఒకటి తొందరపడి వస్తోంది, ఇంకొకటి రావాలా వద్దా అని ఆగుతోంది.

"ఇదేంటండీ?" అన్నాను.

ఆయన లేచి కూర్చుని కళ్లు నులుముకున్నారు. "చెప్పకుండా పెట్టేవేంటే? వారం ముందు చెప్పుంటే బావుండేది కదా."

"వారం ముందు చెబితే ఏం చేసేవారు?"

"అదే, చేసేవాణ్ణి. రాత్రుళ్లు జొన్న రొట్టె, పొద్దున్నే మెంతుల నీళ్లు, గోదారి గట్టు మీద నడక. ప్రతిసారీ చేస్తూనే ఉన్నాను కదా."

అప్పటికి గాని నాకు బోధపడలేదు. మూడు నెలల్లో పన్నెండు వారాలు ఇష్టారాజ్యం, పదమూడో వారం పథ్యం. ఆయన ఒక్కరే కాదు, మా ఊళ్లో షుగరు పరీక్షకు వెళ్లే ప్రతివాళ్లూ చేసేది అదే. రిపోర్టు బాగా రావాలని నాలుగు రోజులు నోరు కట్టుకుంటారు, రిపోర్టు చేతికి రాగానే హోటలుకు వెళ్తారు. ఎవరిని మోసం చేస్తున్నామని ఎవరూ అడగరు. పరీక్ష అన్నాక పాసవ్వాలి గదా!

"మీ క్లోమం ఇంటర్ బోర్డు కాదండీ," అని అరిచాను. "దానికి మార్కులు అక్కర్లేదు. దానికి రోజూ కాస్త విశ్రాంతి కావాలి."

"అరవకు. అమ్మ లేస్తుంది." ఆయన నా పక్కన కూర్చుని, పిల్లలకు లెక్క చెప్పే గొంతుతో చెప్పారు. "నువ్వే ఆలోచించు. ఒక్క వారం బుద్ధిగా ఉంటే సగానికి తగ్గుతోందా లేదా? అంటే సరుకు మంచిదే అనే కదా. ఎప్పుడు కావాలంటే అప్పుడు బాగుచేసుకోవచ్చు. కంగారెందుకు?"

ఆ ధీమా ఆయనకు ఇచ్చింది నేను చేసిన పరికరమే. ముందుగా తెలిస్తే మనుషులు ముందుగా జాగ్రత్తపడతారని నేనూ జుబేదాగారూ అనుకున్నాం. ముందుగా తెలిస్తే మనిషికి కనిపించేది ఇంకా ఎంత గడువుందన్నదే. గడువుంది కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోతాడు. ఏమీ తెలియని మనిషైనా నయం, భయపడి ఒక పూట మానేస్తాడేమో.

జుబేదాగారికి చెబితే ఆవిడ ఆయన పాత రికార్డులన్నీ మళ్లీ తీసి విన్నారు. తర్వాత, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు రాశారు.

"మనిషిని మార్చే యంత్రం నువ్వూ చేయలేవు, నేనూ చేయలేను," అన్నారు.

నేను ఊరుకోలేదు. ఆయన లోకంలోకి దిగి ఆయన ఆటే ఆడదామనుకున్నాను. మర్నాడు ఇంటికెళ్లి, "ప్రయోగం మారిందండీ. ఇక నుంచి ప్రతి సోమవారం పరీక్షే," అన్నాను. అబద్ధం. ప్రయోగశాలకు ఆ రికార్డులు అక్కర్లేదు, నాకే కావాలి. పరీక్ష ఎప్పుడూ వారంలోనే ఉంటే ఆయన ఎప్పుడూ చివరి వారంలోనే బతుకుతారు కదా!

మొదట్లో పారింది. ఆ వేసవంతా మా ఇంట్లో రాత్రిపూట జొన్న రొట్టెలే. అత్తగారు సణుగుతూనే పిండి కలిపేది. ఆయన రోజూ తెల్లారకుండానే గట్టు మీదికి వెళ్లి, చెమటతో తడిసిన బనీనుతో వచ్చేవారు. నేను కూడా వెళ్లేదాన్ని. పుష్కరాల రేవు దాకా నడిచి, మెట్ల మీద కూర్చుని, నీళ్లకేసి చూస్తూ ఏవేవో కబుర్లు చెప్పుకునేవాళ్లం. సోమవారం సోమవారం శంఖం కొంచెం కొంచెం నెమ్మదించింది. వేసవి చివరికొచ్చేసరికి అది గోడ గడియారమంత మెత్తగా కొట్టుకుంది. మా పెళ్లయ్యాక అంత సుఖంగా ఉన్న రోజులు నాకు వేరే గుర్తు లేవు.

కాలేజీ తెరిచారు. ఒక ఆదివారం రాత్రి ఆయన అన్నం రెండోసారి పెట్టించుకున్నారు.

"రేపు సోమవారం కదండీ," అన్నాను.

"పోయిన సోమవారం ఉంది, వచ్చే సోమవారమూ ఉంది," అన్నారు ఆయన ముద్ద కలుపుతూ. "మా కాలేజీలోనూ వారం వారం టెస్టులు పెట్టి చూశారు. మొదటి నెల చచ్చినట్టు చదివేరు. తర్వాత ఎవడూ ఖాతరు చెయ్యలేదు. రోజూ వచ్చే పులికి ఎవడు భయపడతాడే?"

మనిషికి తన రోగం తనకే అంత చక్కగా తెలిసినప్పుడు పక్కవాళ్లు చేసేదేముంది? నేను అలిగాను. అన్నం మానేశాను. కాళ్లు పట్టుకుని బతిమాలాను. మామగారి ఫోటో చూపించి ఏడ్చాను. అది మటుకు చేయకుండా ఉండవలసింది. ఆయన ముఖం పాలిపోయింది. లేచి బయటికి వెళ్లి, రెండు గంటల తర్వాత మిరపకాయ బజ్జీల వాసనతో తిరిగొచ్చారు. భయం వేసినప్పుడు తినే మనిషిని భయపెట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

రెండేళ్లు అలాగే నడిచింది. నడికట్టు పెట్టనిచ్చినప్పుడల్లా విన్నాను. తాళం తప్పడం ఎక్కువైంది. అయినా అంకెలు మాత్రం నిక్షేపంగా ఉండేవి, తొంభై అయిదు, తొంభై ఎనిమిది. ప్రతి రిపోర్టూ ఆయన ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అతికించేవారు. ఒళ్లు కూలిపోతున్న చప్పుడు నాకు వినిపిస్తుంటే, ఒళ్లు బాగుందన్న కాగితం నా కళ్ల ముందు వేలాడేది. ఇంట్లో ఎవరికి చెప్పను? చెప్పినా నమ్మేదెవరు?

మూడో ఏడాది పరీక్షల కాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. పిల్లల్ని గట్టెక్కించాలని జ్వరంతోనే వారమంతా క్లాసులు చెప్పారు. మంచినీళ్లు తాగిందే తాగుడు. తగ్గకపోతే మా వీధి డాక్టరుగారే రక్తం తీయించారు. మూడు వందల పన్నెండు.

ఆ కాగితం చూసి మా అత్తగారు నేల మీద కూలబడింది. "నా బిడ్డకి చక్కెరొచ్చిందే! ఇన్నాళ్లూ లేందే, ఉన్నట్టుండి ఎలా వచ్చిందే వకుళా?" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆవిడ వీపు నిమిరాను. ఇంకేం చేయను?

ఆ రోజుతో మా ఆయన మారిపోయారు. వేళాకోళం కాదు, నిజంగానే మారిపోయారు. అంకె కనిపించింది కదా! కాలేజీలో బజ్జీల పొట్లం వస్తే లేచి అవతలికి వెళ్లారట. మిఠాయి పెట్టె ముట్టలేదు. మాత్రలు వేళ తప్పలేదు. ఎండైనా వానైనా గట్టు మీద నడక ఆగలేదు. రాత్రి ఎనిమిదింటికి రొట్టె, పదింటికి నిద్ర. ఒక వారం కాదు, నెల కాదు, ఎనిమిది నెలలు. పొట్ట పోయింది, చొక్కాలు వదులయ్యాయి, పెళ్లినాటి ముఖం మళ్లీ వచ్చింది. మా అత్తగారు కొడుకు పళ్లెంలో తనే కూర ఎక్కువ వేసి అన్నం తగ్గించేది. ఎన్నేళ్లుగానో నేను కాళ్లావేళ్లా పడి అడిగినవన్నీ ఎవరూ అడగకుండానే జరుగుతుంటే, చూస్తూ కూర్చున్నాను. చక్కెర నూట పదికి దిగింది.

"శంఖం పెట్టించుకుంటాను, పద," అన్నారు ఒకరోజు తనంత తానుగా. "ఈసారి చివరి వారం చదువు కాదే. ఏడాది చదువు. చూద్దువుగాని."

ఉత్తపుణ్యాన ఎందుకులెండి, బాగానే ఉన్నారు కదా అని దాటవేయబోయాను. ఆయన వినలేదు.

జుబేదాగారు తనే నడికట్టు చుట్టారు. రెండు గంటలు పడుకోబెట్టాం. ఆయన కళ్లు మూసుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, గుళ్లో కూర్చున్నంత నెమ్మదిగా ఉన్నారు. తర్వాత నడికట్టు విప్పకుండానే లేచి స్పీకరు దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను మీట నొక్కాను.

సన్నటి గరగర వినిపించింది. అది తీగల చప్పుడు. ఇంకేమీ లేదు.

జుబేదాగారు సౌండు పెంచారు. ఇంకా పెంచారు. పైన తిరుగుతున్న ఫ్యాను, వరండాలో ఎవరిదో చెప్పుల చప్పుడు, అన్నీ వినిపించాయి. దెబ్బ మాత్రం లేదు. ఎక్కడో ఒకచోట చిన్న కదలిక వచ్చి, చెదిరిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు కొత్త కాదు. ఏళ్ల తరబడి ఇన్సులిన్ సూదుల మీద బతుకుతున్నవాళ్ల దగ్గర విన్నాను. వాళ్లలో ఒక్కరికీ ఆ చప్పుడు తిరిగి రావడం నేను చూడలేదు. ఆయన పథ్యం, ఆయన నడక, ఆయన ఎనిమిది నెలల తపస్సు, అన్నీ ఊదేవాడు వెళ్లిపోయాక వచ్చాయి. మాత్రలు ఇంకొన్నాళ్లు పనిచేస్తాయి, తర్వాత సూది. సూదితో పాటు రోజూ ఆ పాదాలను అరికాళ్ల దాకా తడిమి చూసుకోవడం నా వంతు.

ఆయన తల కొంచెం వంచి విన్నారు. కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత మెల్లగా విడిపోయి, ముఖమంతా వెలిగింది.

"మోగట్లేదు," అన్నారు. "చూడండి డాక్టరుగారూ, ఎంత పెంచినా మోగట్లేదు! దానికిక ఊదాల్సిన పని లేదన్నమాట. ఒళ్లు మాట వింటోంది. ఎంత హాయిగా ఉందో చూడండి."

జుబేదాగారు సౌండు మీట మీద చెయ్యి తీయకుండా నావైపు చూశారు. చెప్పవలసింది ఆవిడే, ఆవిడ డాక్టరు. చెప్పవలసింది నేనే, నేను భార్యను. ఇద్దరం నోరు విప్పలేదు.

"పాసయ్యానా?" అన్నారు ఆయన.

నేను వెళ్లి నడికట్టు ముడి విప్పడం మొదలుపెట్టాను. ముడి ఊడి రాలేదు. కళ్లు కనిపించలేదు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఆపి, తన చేతిరుమాలుతో నా ముఖం తుడిచారు.

"ఏడుస్తావేంటే పిచ్చిమొహమా," అన్నారు, "ఇంత మంచి కబురుకి."